పెదరాళ్లకోటలో అవినీతి స్థాపన

బల్లమీద కాగితం మిగిలి ఉంటే చిదంబరంగారికి అన్నం సహించదు. అదేమీ ఆయన సిద్ధాంతం కాదు, ఒంటితత్వం. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు. ఈయనకి పెండింగు పడదు. పొద్దున వచ్చిన దరఖాస్తు మధ్యాహ్నం క్యారియరు విప్పే వేళకి ఇంకా బల్లమీదే ఉంటే, కడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టుండేది. అందుకని ఒంటిగంటలోపల అన్నిటి మీదా సంతకాలు పెట్టేసి, చేతులు కడుక్కుని, నిశ్చింతగా నాలుగు ముద్దలు తినేవారు.

రాష్ట్ర ధ్రువపత్రాల శాఖలో ఆయన పెదరాళ్లకోట మండలానికి అధికారి. నివాసం, కుటుంబం, వయసు, బతికి ఉండటం, ఇలాంటివాటిని మనిషి తనంతట తాను రుజువు చేసుకోలేడు కనక ప్రభుత్వం తరఫున ఆయన రుజువు చేసి ఇచ్చేవారు. పశువుల ఆసుపత్రి పక్కన మూడు గదుల పెంకుటింట్లో ఆఫీసు. ఆయన కింద సీనియర్ అసిస్టెంటు మెహరున్నీసా, అటెండరు యాకోబు. గోడమీద ఒక గడియారం, ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరు. నీతి గురించిన బోర్డులేవీ లేవు.

ఆయన కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకరిద్దరు అలవాటు చొప్పున రొంటిన చెయ్యి పెట్టబోయారు. చెయ్యి బయటికి వచ్చేలోపల ధ్రువపత్రం ఎదురుగా ఉండేది. పని అయిపోయాక ఎవరికి ఇస్తారు, ఎందుకు ఇస్తారు? చేతిని వెనక్కి తీసుకుని దండం పెట్టి పోయేవాళ్లు. ఆరేళ్లలో ఆ ఊళ్లో లంచం అనే మాటే పాతబడిపోయింది. ఇదంతా తన గొప్పతనమని చిదంబరంగారు ఎన్నడూ అనుకోలేదు. ఆయన అనుకున్నది ఒక్కటే, మధ్యాహ్నం భోజనం ప్రశాంతంగా జరుగుతోందని.

ఆ ఏడు వేసవిలో రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దాని పేరు ‘నిష్కళంక’. సమాజంలో అవినీతికి కారణాలు, నివారణోపాయాలు అనే అంశంపై శాఖ నియమించిన నిపుణుల సంఘం రెండేళ్లు శ్రమించి, అవినీతికి మూలకారణం దాన్ని తగ్గించకపోవడమే అని తేల్చింది. కాబట్టి ‘ప్రతి కార్యాలయమూ తన పరిధిలోని అవినీతిని ఏడాది కాలంలో నలభై శాతం తగ్గించవలెను. తగ్గించని అధికారులపై కఠిన చర్య గైకొనబడును’ అని ఉంది. వెనక ఒక ఫారం. నిరుడు జరిగిన అవినీతి సంఘటనలు, ఈ ఏడు జరిగినవి, తగ్గుదల శాతం, అని మూడు గళ్లు.

చిదంబరంగారు మొదటి గడిలో సున్నా వేశారు. రెండో గడిలో సున్నా వేశారు. మూడో గడి దగ్గర ఒక నిమిషం ఆలోచించి అక్కడా సున్నా వేసి, పన్నెండు కాకముందే పంపేసి, భోజనానికి లేచారు.

నాలుగో రోజు జిల్లా అధికారి త్రివిక్రమరావుగారి దగ్గర నుంచి ఫోను.

“ఏమిటండీ చిదంబరంగారూ, మీ ఫారం కంప్యూటరు తీసుకోవడం లేదు. సున్నాని సున్నాతో భాగించమంటే యంత్రం ఆగిపోతోంది. మీ ఒక్కరి మూలంగా జిల్లా మొత్తం నివేదిక నిలిచిపోయింది.”

“మా దగ్గర లంచాలు లేవండి. ఉన్నమాటే రాశాను.”

“లేకపోతే ఎలాగండీ? లేనిదాన్ని నలభై శాతం ఎలా తగ్గిస్తారు? ఉత్తర్వు చదివారా అసలు?”

“చదివానండి. తగ్గించడానికి ఇక్కడ ఏమీ...”

“సోమవారం సమీక్షా సమావేశానికి రండి. అక్కడ మాట్లాడదాం.”

సమావేశం జిల్లా కేంద్రంలో, ఏసీ హాల్లో. ముందుగా నల్లమేకల మండలం పేరు పిలిచారు. అక్కడి అధికారి పరంధాములు లేచి నిలబడ్డాడు. నిగనిగలాడే మనిషి, మాట తేనె. నిరుడు వాళ్ల ఆఫీసులో అవినీతి సంఘటనలు పదకొండు వందల నలభై. ఈ ఏడు ఆరువందల నలభైకి దిగాయి. హాలంతా చప్పట్లు. త్రివిక్రమరావుగారు స్వయంగా శాలువా కప్పారు.

“ఇందులో నా ప్రతిభ ఏమీ లేదండి. మా సిబ్బంది సంయమనం. రోజూ చేసే పనిని సగం మానుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది” అన్నాడు పరంధాములు వినయంగా. కొందరి కళ్లు చెమర్చాయి.

తర్వాత పెదరాళ్లకోట. చిదంబరంగారు లేచారు.

“మీ తగ్గుదల?”

“ఏమీ లేదండి.”

“పక్క మండలం ఐదువందలు తగ్గించింది. మీరు ఒక్కటి తగ్గించలేకపోయారు. సిగ్గుగా లేదూ?”

“తగ్గడానికి అసలు ఉండాలి కదండీ.”

త్రివిక్రమరావుగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. “ఉద్యమం పట్ల మీకున్న నిర్లక్ష్యవైఖరి మీ మాటల్లోనే ప్రస్ఫుటమవుతోంది. ఏ కార్యాలయానికైనా ఒక ప్రాతిపదిక ఉండాలి. ప్రాతిపదిక లేకుండా ప్రగతి లేదు. మీకు మూడు నెలలు గడువిస్తున్నాను. ఈలోగా తమ కార్యాలయంలో కనీసం పది అవినీతి సంఘటనలను నెలకొల్పి, ఆధారాలతో సహా నివేదించవలసింది. తర్వాత వాటిని తగ్గిద్దురుగాని.”

“అంటే నన్ను లంచం తీసుకోమంటున్నారా అండీ?”

“ఎంత మాట!” హాలంతా ఒక్కసారి కదిలింది. త్రివిక్రమరావుగారి ముఖం ఎర్రబడింది. “నేను అలా అన్నానా? ప్రాతిపదిక ఏర్పరచమన్నాను. మీకు చేతకాకపోతే పరంధాములుగారు వచ్చి మార్గదర్శనం చేస్తారు.”

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చిదంబరంగారు జరిగిందంతా భార్యకి చెప్పారు. హైమావతి బియ్యం ఏరుతూ విన్నది.

“పది చాలన్నారా?”

“చాలన్నారు.”

“ముప్ఫై ఏళ్లు సర్వీసు చేసి, ఇంకా పధ్నాలుగు నెలలుందనగా కొత్త విద్య నేర్చుకోవాలన్నమాట. చెయ్యి తిరుగుతుందంటారా?”

ఆవిడ వేళాకోళమే ఆడింది గాని, ఆయన నవ్వలేదు.

బుధవారంనాడు పరంధాములు కారులో వచ్చాడు. కొత్త ఊరికి వచ్చిన వైద్యుడిలా ఆఫీసంతా కలయదిరిగాడు. బల్లమీద వేలితో రాసి చూశాడు. దుమ్ము లేదు. ఇన్‌వర్డు రిజిస్టరు తెరిచాడు. వచ్చిన తేదీ, ఇచ్చిన తేదీ ప్రతి వరసలోనూ ఒకటే. రిజిస్టరు మూసి జాలిగా చూశాడు.

“సార్, మీ దగ్గర అసలు జబ్బు నాకు అర్థమైంది. మీరు లంచం గురించి దిగులు పడుతున్నారు. లంచం దానంతటది పుట్టదండి. ముందు ఆలస్యం పుట్టాలి. మీ ఆఫీసులో ఆలస్యం లేదు. నేల తడవకుండా విత్తనం వేస్తే ఏం మొలుస్తుంది?”

“మరేం చెయ్యాలి?”

“మూడు పనులు. ఒకటి, బీరువాకి తాళం. తాళంచెవి యాకోబు దగ్గర, యాకోబు టీ కొట్టు దగ్గర. రెండు, నివాస ధ్రువపత్రానికి ముందు, ఆ మనిషి ఇంతకుముందు నివాస ధ్రువపత్రం తీసుకోలేదనే ధ్రువపత్రం ఒకటి పెట్టండి. మూడోది ముఖ్యం. ‘రేపు రండి’ అనాలి. ఏదీ, ఒకసారి అనండి.”

“రేపు రండి” అన్నారు చిదంబరంగారు.

పరంధాములు నొసలు చిట్లించాడు. “శుభలేఖ ఇచ్చి పిలుస్తున్నట్టు అంటున్నారు. తల ఎత్తకూడదండి. కళ్లు కాగితం మీదే ఉండాలి. ఆ కాగితం మీద ఏమీ ఉండకూడదు. ‘రేపు’ అన్నాక కొంచెం ఆగి, ‘చూద్దాం’ అనాలి. ఆ ఆగినచోటే మనిషికి ఆలోచన పుడుతుంది.”

తలుపు దగ్గర నిలబడ్డ యాకోబు మెహరున్నీసాతో మెల్లగా అన్నాడు: “మేడమ్, నాకు రోజుకి ఆరు టీలు పడవు. ఆర్డరులో ఏమన్నా మార్పు చేస్తారేమో కనుక్కోండి.”

మర్నాటి నుంచి కార్యక్రమం మొదలైంది. చిదంబరంగారు తల దించుకుని, తెల్లకాగితం చూస్తూ, “రేపు... చూద్దాం” అనేవారు. ఎదుటివాళ్లు “మంచిదండి” అని పోయి, రేపు సరిగ్గా అదే వేళకి వచ్చేవాళ్లు. మళ్లీ రేపు అంటే మళ్లీ రేపు వచ్చేవాళ్లు. ఒక్కరి చెయ్యీ రొంటికి పోలేదు. ఒకాయన కరెంటు లేదేమో అనుకున్నాడు. ఒకామె నెట్ రావడం లేదేమో అని తన ఫోనులో చూసి, “మాకు వస్తాందయ్యా, కావాలంటే మా దాంట్లో చేసుకోండి” అని ఫోను ఇచ్చింది. ఒక రిటైర్డు మాస్టారు అరగంట కూచుని, ఈ వయసులో చిదంబరంగారి మీద ఇంత పనిభారం పెట్టిన ప్రభుత్వాన్ని తిట్టి పోయారు.

బల్లమీద కాగితాలు పెరిగాయి. చిదంబరంగారి క్యారియరు రోజూ బరువుగానే ఇంటికి తిరిగి వెళ్లింది. మూడు వారాల్లో ఆయన చొక్కా వదులైంది.

పరంధాములు ఫోనులో ఓదార్చాడు. “మీ జనానికి నమ్మకం ఎక్కువైందండి. ఆరేళ్ల నుంచి అలవాటు చేశారు మరి. నేనొక బోర్డు పంపిస్తాను, అది కట్టండి.”

బోర్డు వచ్చింది. నీలం మీద తెల్ల అక్షరాలు: ‘ఇచ్చట లంచము అడుగబడదు, తీసుకొనబడదు. ఎవరైనా అడిగినచో ఫిర్యాదు చేయుడు.’ యాకోబు దాన్ని గుమ్మం పైన కొట్టాడు. ఆ మధ్యాహ్నమే కల్లంగడి నడిపే ఓబులేసు లోపలికి వస్తూ ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, చిదంబరంగారి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు:

“ఎంత సార్?”

చిదంబరంగారు ఉలిక్కిపడి, పరంధాములు చెప్పిందంతా మరిచిపోయి, వెంటనే ధ్రువపత్రం చేతిలో పెట్టి పంపేశారు. కాని ఆ బోర్డు పని మొదలుపెట్టిందని మెహరున్నీసాకి అర్థమైంది. అంతకుముందు నేరుగా లోపలికి వచ్చే జనం ఇప్పుడు గుమ్మం దగ్గర ఆగి, పైకి చూసి, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటున్నారు.

మొదటి సంఘటన వీరనాగమ్మతో జరిగింది.

వీరనాగమ్మకి అరవై ఏళ్లుంటాయి. రెండు గేదెలు మేపుకుంటూ, తల్లి లేని మనవరాల్ని చదివిస్తోంది. ఆ పిల్లకి నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. శుక్రవారం కౌన్సెలింగు, నివాస ధ్రువపత్రం కావాలి. ఆమె వచ్చింది బుధవారం. త్రివిక్రమరావుగారు ఇచ్చిన మూడు నెలల గడువు ఇంకో పన్నెండు రోజులే ఉంది. ప్రాతిపదిక ఇంకా సున్నా దగ్గరే ఉంది. ఆయన దగ్గర నుంచి మూడో మెమో ఆ పొద్దున్నే అందింది.

చిదంబరంగారు దరఖాస్తు తీసుకున్నారు. చెయ్యి దానంతటదే కలం వైపు వెళ్లింది. మెమో కనబడింది. చెయ్యి ఆగింది.

“రేపు రామ్మా” అన్నారు తల దించుకుని.

వీరనాగమ్మ కదలలేదు. ఆయన వంక తేరిపార చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆయన క్యారియరు మూతే తియ్యలేదు.

మర్నాడు ఆఫీసు తీసే వేళకే ఆమె గుమ్మంలో ఉంది. చేతిలో స్టీలు గిన్నె, మీద అరిటాకు ముక్క. బల్లమీద పెట్టింది. జున్ను. బెల్లం వేసి, మిరియాలు చల్లి, ఇంకా వెచ్చగా ఉంది.

“తీసుకోయ్యా” అంది. అంతకన్నా ఏమీ అనలేదు.

చిదంబరంగారు సంతకం పెట్టారు. ఆమె కాగితం కళ్లకద్దుకుని వెళ్లింది. మెహరున్నీసా ‘నిష్కళంక’ రిజిస్టరు తెరిచి, మొదటి వరసలో తేదీ వేసి, ‘లంచం స్వభావం’ అన్న గడిలో ‘జున్ను’ అని రాసి, ఆయన ముందు పెట్టింది. ‘స్వీకరించిన అధికారి సంతకం’ అన్నచోట ఆయన సంతకం వంకరపోయింది.

కబురు తెలిసి పరంధాములు ఫోను చేశాడు. “అభినందనలు సార్, బోణీ అయింది! ఆ జున్ను మాత్రం తినకండి. ఆధారం. భద్రపరచాలి.”

కాబట్టి జున్నుకి చీటీ అంటించి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి యాకోబు దగ్గర, యాకోబు టీ కొట్టు దగ్గర.

అక్కడి నుంచి పని చకచకా సాగింది. వీరనాగమ్మ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లడం, కాగితం పట్టుకుని బయటికి రావడం వరండాలో నలుగురు చూశారు. చూసినవాళ్లు ఊళ్లో చెప్పారు. ఒక గుమ్మడికాయ వచ్చింది. ఒక గోంగూర మోపు వచ్చింది. అరటిగెల, రెండు కలాలు, మునక్కాడలు, కోడిపుంజు. పుంజుని భద్రపరచడానికి నియమాలు లేక, జిల్లాకి రాసి, జవాబు కోసం ఎదురుచూస్తూ దాన్ని కిటికీ ఊచకి కట్టారు. అది ప్రతి పొద్దుటా ఆఫీసు పనివేళలకి ముందే విధులు ప్రారంభించేది. గడువుకి రెండు రోజులుండగా పదో సంఘటన పూర్తయింది.

“ప్రాతిపదిక వచ్చిందండి. ఇంక ఆపెయ్యొచ్చా?” అని ఫోనులో అడిగారు చిదంబరంగారు, చాన్నాళ్లకి కొంచెం గొంతు తెరిచి.

“ఆపడమేమిటండీ?” అన్నారు త్రివిక్రమరావుగారు. “నలభై శాతం తగ్గించాలి. పదిలో నాలుగు. మిగతా ఆరూ యథాతథంగా కొనసాగాలి.”

“మొత్తం తీసేస్తే ఇంకా మంచిది కదండీ?”

“వచ్చే ఏడు ఏం తగ్గిస్తారు? దూరదృష్టి ఉండాలండీ అధికారికి. అవినీతిని మనం ఏటేటా తగ్గిస్తూ పోవాలి. అది నిరంతర ప్రక్రియ. ఒక్క ఏట్లో అవగొట్టి కూచుంటే మన శాఖకి ఉద్యమం ఏం మిగులుతుంది?”

చిదంబరంగారు ఫోను పెట్టేసి తల ఎత్తారు. ఎదురుగా నూటపాతిక దరఖాస్తులు. వరండాలో జనం. వాళ్ల చేతుల్లో సంచులు. ఒక పిల్లల తల్లి పొట్లకాయని కొంగు కింద దాచుకుని నిలబడింది. నిరుడు ఈ మనిషే నేరుగా లోపలికి వచ్చి, ఫ్యాను కింద కూచుని మంచినీళ్లడిగి తాగి వెళ్లింది. ఇవాళ ఆయన తనవైపు చూడగానే కళ్లు దించుకుంది. ఆమె ఎందుకు సిగ్గుపడాలో ఆయనకి అర్థం కాలేదు. ఆ సిగ్గు మాత్రం ఆయన గుండెల్లో ముల్లులా దిగింది.

“యాకోబూ, నిచ్చెన తీసుకురా” అన్నారు.

బోర్డు దించారు. బీరువా తాళం ఊడదీశారు. నివాస ధ్రువపత్రానికి ముందు కొత్తగా పెట్టిన కాగితాన్ని చించేశారు. పొట్లకాయ తెచ్చినామెకి సంతకం పెట్టి ఇచ్చి, పొట్లకాయతో పాటే పంపేశారు. నూటపాతిక కాగితాలూ రెండు రోజుల్లో తెమిలిపోయాయి. ఏడాది చివర ఫారంలో మొదటి గడిలో ప్రాతిపదిక పది, రెండో గడిలో సున్నా వేశారు. కంప్యూటరు ఈసారి ఆగలేదు. మూడో గడిలో నూరు శాతం అని చూపించి పచ్చగా వెలిగింది.

రాష్ట్రం మొత్తం మీద అదే ఎక్కువ. రాజధాని నుంచి అభినందన వచ్చింది. బంగారు పతకం ఇవ్వాలని తీర్మానించారు. పతకం ఇచ్చేముందు నిబంధనల ప్రకారం రికార్డు పరిశీలించారు. పరిశీలించినవాళ్లకి పది లంచాలు, పది సంతకాలు కనబడ్డాయి. పదీ ఒకే అధికారివి, పదీ ఆయన చేత్తో ఒప్పుకున్నవి.

పతకం రావలసిన కవరులో అభియోగపత్రం వచ్చింది.

విచారణాధికారి పరంధాములు. ఆ మధ్యనే అతనికి పదోన్నతి వచ్చి, జిల్లా నిఘా విభాగానికి అధిపతి అయ్యాడు. విచారణకి ముందు చిదంబరంగారిని పక్కకి పిలిచి ఆప్యాయంగా చెప్పాడు: “భయపడకండి సార్. పరిమితికి లోబడి, పైవారి మార్గదర్శనంలో తీసుకున్న లంచం కనక మందలింపుతో పోతుంది. ఒప్పుకుని సంతకం పెట్టండి చాలు. సాక్షుల్ని ఊరికే లాంఛనానికి పిలుస్తున్నాను.”

హైమావతి కూడా ముందురోజు అదే అంది: “మందలింపే కదా, పడిపోనివ్వండి. పధ్నాలుగు నెలలు రెండు నెలలకి దిగింది.”

మొదట పిలిచింది వీరనాగమ్మని. ఆమె వచ్చి బెంచీ చివర కూచుంది. పరంధాములు కాగితం చూస్తూ చదివాడు.

“ఫలానా తేదీన మీరు ఈ అధికారికి లంచంగా జున్ను ఇచ్చారు. అవునా?”

“జున్నిచ్చినా. లంచమేందయ్యా?”

“ధ్రువపత్రం కోసమే కదా ఇచ్చింది?”

“కాయితానికి జున్నెందుకు? ఆ సారు కాయితం ఎప్పుడూ ఊరికే ఇస్తాడుగా.” ఆమె చిదంబరంగారి వైపు తిరిగింది. “ఆ ముందురోజు వస్తే రేపు రామ్మా అన్నాడయ్యా. ఏనాడూ రేపనే మనిషి కాదు. తల ఎత్తలా. ముఖం చూస్తే పీక్కుపోయి ఉండె. అయ్యో, జొరమొచ్చినట్టుండాది, నోరు చేదుగా ఉంటదేమో, అన్నం పోతందో లేదో అనుకున్నా. మా గేదె ఈనె. నాలుగు మిరియాలు ఎక్కువేసి జున్ను కాసి తెచ్చినా. తిన్నావా సారూ? గిన్నె అడగడానికి మొహమాటమై ఊరుకున్నా.”

జున్ను ఆధారంగానే బీరువాలో మురిగిపోయింది. దాన్ని తీసిన రోజున పశువుల ఆసుపత్రి వాళ్లు కూడా కిటికీలు మూసుకున్నారు. మెహరున్నీసా లేచి, తోమించి ఉంచిన గిన్నె తెచ్చి వీరనాగమ్మ ఒళ్లో పెట్టింది. చిదంబరంగారు కళ్లజోడు తుడుచుకుంటూ కూచున్నారు. తుడిచినా అద్దాలు మసకగానే ఉన్నాయి.

పరంధాములు గొంతు సవరించుకుని రెండో సాక్షిని పిలిచాడు. గుమ్మడికాయ ఇచ్చిన ఆయన, ఆ ఏడు పాదు విరగకాసిందనీ, వీధిలో అందరికీ పంచాననీ చెప్పాడు. గోంగూర ఇచ్చినామె, సారుకి ఒంట్లో బాగాలేదని వీరనాగమ్మ చెప్తేనే తెలిసిందనీ, పత్యానికి పనికొస్తుందేమోనని తెచ్చాననీ చెప్పింది. పత్యానికి గోంగూరేమిటని అడిగితే, తన దగ్గర ఉన్నది అదేనంది. కలాలు ఇచ్చిన రిటైర్డు మాస్టారు, సంతకాలు ఆలస్యమవుతుంటే కలం సరిగా రాయడం లేదనుకున్నానన్నారు. పుంజు ఇచ్చినవాడు, సారు చొక్కా వదులైంది చూడలేకపోయానన్నాడు.

ఒక్కొక్క లంచమే చేతిలోంచి జారిపోతుంటే పరంధాములు నుదురు చెమట పట్టింది. పదో సాక్షి వచ్చేసరికి గొంతు బతిమాలుకుంటున్నట్టయింది.

“బాగా ఆలోచించి చెప్పండి. మీ మునక్కాడలైనా లంచమేనా?”

“కాదండి” అన్నాడు పదో సాక్షి, ఆయన్ని నిరాశపరచినందుకు బాధపడుతూ.

పరంధాములు అందర్నీ పంపేసి, తలుపు దగ్గరగా వేసి, చిదంబరంగారి ఎదురుగా కూచున్నాడు.

“సార్, వ్యవహారం ముదిరింది. ఇవి లంచాలైతే మీకు మందలింపు. ఇవి లంచాలు కాకపోతే మీరు ప్రభుత్వానికి పది తప్పుడు సంఘటనలు నివేదించినట్టు. తప్పుడు గణాంకాలు! శాఖలో దీన్ని మించిన నేరం లేదండి. రెండు మెట్లు కిందికి దింపుతారు. పింఛను కోతపడుతుంది. నా మాట వినండి. ఆ ముసలామెది అమాయకత్వం అని రాసేస్తాను. జున్ను లంచమేనని మీరు ఒక్క సంతకం పెట్టండి.”

“పెడితే ఆమె లంచం ఇచ్చినట్టు రికార్డులో ఉంటుందా?”

“ఉంటుంది. ఇచ్చినవాళ్ల పేరు లేకుండా ఎలా?”

“లంచాలు కావని ఒప్పుకునే రెండో కాగితం మీద?”

“అందులో మీరొక్కరే ఉంటారు.”

చిదంబరంగారు చెయ్యి చాపారు. “ఆ రెండోది ఇటివ్వండి.”

“రేపటిదాకా ఆలోచించుకోండి సార్.”

“వద్దు. పెండింగు పెట్టడం నాకు పడదు.”

ఆయన సంతకం ఈసారి వంకరపోలేదు. పరంధాములు ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నాడు. తన సర్వీసు మొత్తంలో ఎదుటి మనిషి తనకన్నా తొందరగా పని తెముల్చుకుపోవడం అతను చూడటం అదే మొదలు.

ఉత్తర్వులు పదిరోజుల్లో వచ్చాయి. చిదంబరంగారిని రెండు మెట్లు దింపి, అదే ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే కిటికీ దగ్గర కూచోబెట్టారు. కొత్త అధికారి వచ్చేదాకా మెహరున్నీసాకి బాధ్యతలు అప్పగించారు. ఆవిడ మొదటిరోజు ఆయన ముందు కూచోవడానికి ఇబ్బందిపడి, ఒంటిగంటకల్లా సంతకాలన్నీ పూర్తిచేసి, “భోజనానికి లేవండి సార్” అంది. ఆయన జీతం తగ్గిన సంగతి హైమావతి బియ్యం ఏరుతూనే విన్నది. తర్వాత, “ఆ గిన్నె ఆవిడకి ముట్టిందా?” అని అడిగింది. ముట్టిందంటే, “సరే” అని వంటింట్లోకి వెళ్లింది.

‘నిష్కళంక’ విజయాన్ని చాటుతూ శాఖ ఒక రాష్ట్రపటం అచ్చువేసి అన్ని ఆఫీసులకీ పంపింది. అవినీతిని బాగా తగ్గించిన మండలాలు ముదురాకుపచ్చ, కొంచెం తగ్గించినవి లేతాకుపచ్చ, తగ్గించనివి ఎరుపు. నల్లమేకల చిక్కటి ఆకుపచ్చలో నిగనిగలాడుతోంది. దాని పక్కన పెదరాళ్లకోట ఉన్నచోట మాత్రం ఏ రంగూ వెయ్యలేదు. వాళ్లిచ్చిన అంకెలన్నీ రద్దయ్యాయి కనక తెల్లగా వదిలేసి, అడుగున సన్నటి అక్షరాల్లో ‘సమాచారము లభ్యం కాలేదు’ అని వేశారు. యాకోబు దాన్ని కిటికీ పక్కన మేకు కొట్టి తగిలించాడు.

వారం తిరగకుండా ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరు కిటికీ దగ్గరికి వచ్చారు. చేతిలో కాగితాల సంచి, చెప్పులకి దూరపు దుమ్ము. మొగుడు సంచి విప్పబోతూ పటం చూసి ఆగాడు. ఇద్దరూ దగ్గరికి జరిగి వేలితో తడిమి చూసుకున్నారు.

“ఏ ఊరు మీది?” అని అడిగారు చిదంబరంగారు.

“నల్లమేకలండి. ఇదిగో, ఈ పచ్చగా ఉన్నది.”

“అయితే మీ కాగితాలు ఆ ఆఫీసులోనే ఇవ్వాలండి. ఇక్కడ తీసుకోవడానికి వీల్లేదు.”

“తెలుసండి. తొమ్మిది నెలల్నుంచి అక్కడే ఇస్తన్నాం.” మొగుడు భార్య వైపు చూశాడు. ఆమె కళ్లతోనే అడగమంది. అతను కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి వంగాడు. “మేం వచ్చింది కాయితానిక్కాదు సార్. ఈ తెల్లగా ఉన్నచోట అద్దెకి ఇళ్లేమన్నా దొరుకుతాయేమో కనుక్కుందామని.”

చిదంబరంగారు కిటికీలోంచి తల బయటికి పెట్టి, పశువుల ఆసుపత్రి వెనక వీధి చూపించారు.